బెల్లం గదిలో కారు

అచ్చియ్యమ్మ భర్త ఆ గది కట్టించేటప్పుడు మేస్త్రీకి చెప్పిన మాట ఒక్కటేనట: వానగాలి లోపలికి రాకూడదు. బెల్లం దిమ్మకి తడిగాలి తగిలితే ముందు చెమరుస్తుంది, తరవాత జిగురవుతుంది, ఆపైన పాకమై నేల మీదికి కారిపోతుంది. ఏడాది సరుకు పాడైపోవడానికి ఒక్క ముసురు చాలు. అందుకని ఆ గదికి కిటికీ పెట్టలేదు. పైన పలకల అటక, దాని కింద రెండు వరసల తాటాకు చాపలు. వీధివైపు, బండి వెనక్కి తోలి దిమ్మలు దింపుకోవడానికి రెండు రెక్కల పెద్ద తలుపు. లోపలివైపు నడిమింట్లోకి ఒక చిన్న తలుపు. ఈ రెండూ మూసేస్తే అగరొత్తి పొగ కూడా పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ గదిలో కదలకుండా నిలబడుతుందని అచ్చియ్యమ్మ గొప్పగా చెప్పుకునేది.

ఆయన పోయాడు, వ్యాపారమూ పోయింది. గది మిగిలింది, గోడల్లో ఇంకిన తీపివాసన మిగిలింది. ఆర్నెల్ల కిందట ఆ గదిలోకి అల్లుడు పరదేశి కారు తెచ్చి పెట్టాడు.

పరదేశి హైస్కూల్లో లెక్కల మాస్టారు. యాభై ఒకటో ఏడు నడుస్తోంది. భార్య కనకమహాలక్ష్మి పోయి మూడేళ్ళయింది. ఆమెని ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిన రోజు అనకాపల్లి నుంచి రావలసిన టాక్సీ రెండు గంటలు ఆలస్యంగా వచ్చింది. పరదేశి డ్రైవర్ని ఒక్క మాట అనలేదు. ఆ మనిషి గుమ్మంలో నిలబడి కన్నీళ్ళు పెట్టుకుంటే చెంబుడు మంచినీళ్ళిచ్చి పంపించాడు. కానీ ఆ రెండు గంటలు అతని లోపల ఎక్కడో అలాగే ఉండిపోయాయి. నలభై తొమ్మిదో ఏట డ్రైవింగు నేర్చుకున్నాడు. విశాఖపట్నంలో ఒక డాక్టరు వాడిన చిన్న తెల్లకారు కొన్నాడు.

భార్య పోయాక అతను తన సొంతూరు చీడికాడ వెళ్ళిపోతాడనే అందరూ అనుకున్నారు. అచ్చియ్యమ్మే ఒకనాడు కదిపింది.

"నేను కన్న గుంటే పోయింది. ఇంకా నాకు అల్లుడేటి, నీకు అత్తేటి. ఎల్లిపో బాబూ."

"ఎక్కడికెల్తాను అత్తా. నా బియ్యం కార్డు ఇక్కడే ఉంది," అన్నాడు పరదేశి.

ఆ మాట మళ్ళీ ఇద్దరి మధ్యా రాలేదు. ఆమె వండేది, అతను వడ్డించుకునేవాడు. ఏడాది నుంచి ఆమె వండలేకపోతే అతనే వండి వడ్డిస్తున్నాడు. ఆమె గుండె తోచినట్టు కొట్టుకుంటోంది. ఒక్కోసారి పరుగు, ఒక్కోసారి నిలుపు. ఛాతీలో చిన్న యంత్రం పెట్టాలని, సోమవారం పది గంటలకి మంచం ఖాళీ ఉంచుతామని విశాఖపట్నంలో గుండె డాక్టరు చెప్పాడు. ఆ రోజు దాటితే మళ్ళీ ఎప్పుడో తెలియదన్నాడు. అచ్చియ్యమ్మని బయట కూర్చోబెట్టాక గొంతు తగ్గించి, "ఎక్కువ రోజులు ఆగే గుండె కాదు మాస్టారూ," అని కూడా అన్నాడు.

అది తొంభై ఏడు నవంబరు. అల్పపీడనం పట్టి శుక్రవారం నుంచి వాన వదల్లేదు. శనివారం సాయంత్రం పరదేశి బంకుకి వెళ్ళి నిండా పెట్రోలు పోయించుకుని వస్తుంటే, ఫ్యాక్టరీ రోడ్డు మలుపులో కారు వణికింది. నడుస్తున్న మనిషికి మూడడుగులకోసారి మోకాలు మడతపడ్డట్టు ఇంజను తూలడం మొదలుపెట్టింది. ఇంటికైతే చేర్చింది. కానీ ఆ రాత్రి పరదేశికి సరిగా నిద్ర పట్టలేదు.

ఆదివారం తెల్లారాక తెలిసిన సంగతి ఇంకోటి. అనకాపల్లి రోడ్డు మీదికి గెడ్డ పొంగి బస్సులు ఆపేశారు. విశాఖపట్నం వెళ్ళాలంటే కె.కోటపాడు మీదుగా చుట్టు తిరిగి పోవాలి. ఈ వానలో ఆ దారిన మనిషి కనపడడు. నడిమధ్యన కారు ఆగిపోతే, వెనక సీట్లో అత్తని పెట్టుకుని అతను ఎవర్ని కేకెయ్యాలి?

వీధి గదిలో ఫోను పనిచేస్తోంది. మూడు రోజుల వానలో కూడా డయల్ టోన్ వినపడినందుకు ఆ తీగల్ని కాసే మనుషులెవరో వాళ్ళకి మనసులోనే దణ్ణం పెట్టుకుని, అనకాపల్లిలో లాల్ అహ్మద్ షెడ్డుకి ఫోను చేశాడు. కారు కొన్నప్పటి నుంచీ దాన్ని చూసే మెకానిక్ అతనే.

"మిస్సింగ్ కొడతంది లాల్ అహ్మద్. వేడెక్కేకే కొడతంది. చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంటంది."

"నాను రాలేను మాస్టారూ. గెడ్డకి అవతల పడున్నాను. మీరే సూడాలి. బయపడకండి, ఎన్ని సిలిండర్లు మీ బండికి?"

"మూడు."

"మూడే కదా. మీ క్లాసులో ముగ్గురు గుంటలు ఎక్కాలు అప్పజెప్తన్నారు, ఒకడు ఉత్తినే పెదాలు ఆడిస్తన్నాడు. అంతే జబ్బు. ఆడెవడో పట్టుకోవాలి."

"ఎలా పట్టుకోడం?"

"ఒకొక్కడి నోరూ మూసి సూడండి. ఎవడి నోరు మూస్తే గోల తగ్గలేదో ఆడే దొంగ."

తరవాత నెమ్మదిగా విడమరిచి చెప్పాడు. ఇంజను నడుస్తుండగా, కాళ్ళకి రబ్బరు చెప్పులేసుకుని, ఎండు గుడ్డ మందంగా మడిచి పట్టుకుని, ప్లగ్గు మీది క్యాపుని ఒక్కొక్కటే పైకి లాగాలి. లాగగానే ఇంజను నీరసపడితే ఆ ప్లగ్గు మంచిది. లాగినా తేడా లేకపోతే రోగం అక్కడే. "బాగా వేడెక్కనియ్యండి. ఇరవై నిమిషాలైనా నడవాలి. తడి మాత్రం తగలనీకండి. వైర్లకి తడి తగిలితే మంచిదానికీ రోగమే."

పరదేశి పంచె ఎగగట్టి బెల్లం గదిలోకి వెళ్ళాడు. మొదట పెద్ద తలుపు ఒక రెక్క తీసే పెట్టాడు. కారు స్టార్ట్ చేసి, ఇంజను ఆగిపోకుండా చోక్ సగం లాగి ఉంచి, బానెట్ ఎత్తాడు. అయిదు నిమిషాలకే ఈదురుగాలి జల్లుని తెచ్చి ఇంజను మీద కొట్టింది. తడి తగలకూడదు. గబగబా తలుపు మూసి గడియ పెట్టాడు.

వెనకాలే అచ్చియ్యమ్మ గోడ పట్టుకుని వచ్చింది. చంకలో పాత గోనెలు. కిందికి వంగలేక, కాలితో తలుపు కింది సందులోకి ఒక్కొక్కటే తొయ్యడం మొదలుపెట్టింది. నలభై ఏళ్ళు వాన చినుకు పడ్డప్పుడల్లా ఆమె చేసిన పని అదే.

"అందులో బెల్లం నేదు కదా అత్తా."

"గదికి అలవాటైపోయింది బాబూ. నాకూ అలవాటైపోయింది. గోనె పెట్టకపోతే నిద్దరట్టదు." ఇంజను వైపు చెవి ఒగ్గింది. "నా గుండెకాయా, నీ బండీ ఒక్కలాగే కొట్టుకుంతన్నాయి. రెంటినీ ఒకే డాట్రు దగ్గరికి తీసుకెల్లిపో. సగం దరకి సేస్తాడు."

పరదేశి నవ్వి, చెయ్యి పట్టుకుని నడిమింట్లోకి తీసుకెళ్ళి నవారు మంచం మీద పడుకోబెట్టాడు. పిలిస్తే వినపడాలని మధ్య తలుపు తెరిచి ఉంచాడు. నడిమింటి కిటికీ వానకి ఎప్పుడో మూసి ఉంది. వీధి గది తలుపు జల్లు కొడుతుందని దగ్గరికి వేసి ఉంది.

గోనెలు పెట్టిందీ మంచికే, తడి రాదు, అనుకున్నాడు.

ఇరవై నిమిషాలు గడిచాయి. ఇంజను వేడెక్కి తూలడం మొదలుపెట్టింది. పరదేశి గుడ్డ మడిచి మొదటి క్యాపు లాగాడు. ఇంజను చతికిలబడబోయింది. చటుక్కున పెట్టేశాడు. మూడోది లాగాడు, అదీ అంతే. రెండోది లాగాడు. ఏమీ తేడా లేదు. పెట్టాడు, మళ్ళీ లాగాడు. తూలేది తూలుతూనే ఉంది. జేబులోంచి సుద్దముక్క తీసి గోడ మీద రాశాడు: ఒకటి తగ్గింది, రెండు తగ్గలేదు, మూడు తగ్గింది. రాస్తుంటే అతనికి చిన్న సంతోషం కలిగింది. మిగతా లోకంలో ఏది ఎలా ఉన్నా, ఒక ప్రశ్నకి జవాబు దొరికింది.

పొగ వాసన వేసింది. వాన రోజు పొగ కిందికే దిగుతుంది కదా అనుకున్నాడు. గోడల్లోని పాత బెల్లం వాసనతో కలిసి అది మరీ చెడ్డగా కూడా లేదు. అయితే ఆ పొగలో ప్రాణం తీసేదానికి రంగూ లేదు, వాసనా లేదు. చోక్ లాగి ఉంచిన ఇంజను, అందులోనూ ఒక సిలిండరు మండని ఇంజను, దాన్ని మామూలు కంటే ఎక్కువే కక్కుతుంది. బెల్లం గది దాన్ని భద్రంగా దాచుకుంది. చిన్న తలుపులోంచి కొంచెం కొంచెంగా నడిమింట్లోకి పంపుతోంది.

ఇంజను ఆపి, వేడి చల్లారేదాకా ఆగి, రెండో ప్లగ్గుని విప్పి మొదటిదాని చోట బిగించాడు, దాన్ని దీని చోట. రోగం ప్లగ్గుదైతే దాంతోపాటే పోవాలి. ఆపి ఉంచిన ఆ అరగంటలో తలుపు తియ్యాలని అతనికి తోచలేదు. బయట వాన హోరు అలాగే ఉంది.

మళ్ళీ స్టార్ట్ చేశాడు. మళ్ళీ ఇరవై నిమిషాలు. మళ్ళీ రెండోదే.

అప్పుడే నడిమింట్లోంచి పిలిచింది అచ్చియ్యమ్మ. "బాబూ. కాసిన్ని నీల్లు."

వెళ్ళేసరికి మంచం పక్కన వాంతి చేసుకుని ఉంది. పొద్దున తాగిన జావ అంతా వచ్చేసింది. "తల పగిలిపోతంది. ఇల్లంతా తిరగతంది," అంది. పరదేశి నోరు కడిగించి, నేల తుడిచి, డాక్టరిచ్చిన మాత్ర నాలుక కింద పెట్టాడు. నాడి పట్టుకుంటే పరుగులు తీస్తోంది. ఇది గుండె జబ్బే. ముదిరింది. సోమవారం దాకా ఆగకూడదు. ఈ మధ్యాహ్నమే బయల్దేరాలి. అంటే, కారు ఇప్పుడే బాగవ్వాలి.

ఆ ఇంట్లో ఆ రోజు జరిగిన తప్పంతా ఇదే. ఆమెకి ఒంట్లో బాగులేనికొద్దీ అతను ఇంజను దగ్గర తొందరపడ్డాడు. అతను తొందరపడేకొద్దీ ఆమెకి ఒంట్లో బాగులేకుండా పోయింది.

మళ్ళీ ఫోను చేశాడు.

"ప్లగ్గు మార్చినా రెండోదే చస్తంది."

"అయితే వైరు. రబ్బరు ఎక్కడో పగిలుంటాది. కరెంటు ప్లగ్గు దాకా ఎల్లకుండా దారిలోనే దూకేస్తంది. సీకట్లో సూడండి మాస్టారూ, బానెట్ కింద నీలంగా మెరుస్తాది, సన్న పురుగు పాకినట్టు. ఆ సోట సైకిలు ట్యూబు ముక్క గట్టిగా సుట్టీసి, పైన టేపెయ్యండి. వైజాగేటి, రాజమండ్రి అయినా ఎల్లిపోవచ్చు."

"చీకటంటే రాత్రి దాకా ఆగాలా?"

"పొద్దుకూకితే సాలు. ఎంతసేపు, నాలుగ్గంటలు."

నాలుగు గంటలు. పరదేశి ఫోను పెట్టేశాడు. రెండు గంటలకే ఒకసారి ఇల్లు ఖాళీ అయింది. నాలుగు గంటలు ఆగే ధైర్యం అతనికి లేదు. చీకటి కావాలంటే చేసుకోవచ్చు, అది బెల్లం గది.

పెద్ద తలుపు రెక్కల మధ్య సన్నగా వెలుగు గీత పడుతోంది. గోనె చించి పేలికలు చేసి, స్క్రూడ్రైవరుతో పైనుంచి కింది దాకా కూరాడు. అటక వారన చిల్లులోంచి ఒక చుక్క వెలుగు వస్తుంటే దాంట్లోనూ కూరాడు. లైటు ఆర్పాడు. మధ్య తలుపు ఓరగా వేశాడు. పూర్తిగా వెయ్యలేదు, అత్త పిలిస్తే వినపడాలి. మధ్యాహ్నం ఒకటిన్నరకి రాత్రి తయారైంది.

ఇంజను స్టార్ట్ చేశాక బానెట్ మీదికి వంగి కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా నిలబడ్డాడు. కణతలు కొట్టుకుంటున్నాయి. పొద్దున్నుంచి ఏమీ తినలేదు, అందుకే, అనుకున్నాడు. పాదం మీద మెత్తగా ఏదో తగిలింది. టార్చి వేస్తే ఎలుక. అటక మీంచి దిగి వచ్చినట్టుంది. వెలుగు చూసి పారిపోలేదు. నేల మీద రెండడుగులు నడిచి, కూర్చుని, మళ్ళీ ఒక అడుగు నడిచింది. పాపం, వానకి ఎక్కడా తల దాచుకునే చోటు లేక వచ్చింది అనుకుని, తొక్కకుండా కాలు పక్కకి జరుపుకున్నాడు. కాసేపటికి టార్చి వేస్తే అది అక్కడే, పక్కకి ఒరిగి ఉంది.

వాన హోరు దూరమవుతోంది. తను ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో లెక్క వేద్దామనుకున్నాడు. ఒకటిన్నరకి ఇరవై కలిపితే ఎంత? జవాబు రాలేదు. ఇరవై ఆరేళ్ళుగా పిల్లలకి లెక్కలు చెప్పే మనిషి, గోడ మీద తను రాసిన అంకెల్ని టార్చి వేసి చూసుకున్నాడు. అవి వేరెవరో రాసినట్టున్నాయి. నవ్వొచ్చింది. టార్చి ఆర్పాడు.

అప్పుడు కనిపించింది. రెండో వైరు మెడ దగ్గర నీలంగా, సన్నగా, చిటపటమంటూ ఒక వెలుగు ఇనుము మీదికి దూకింది. ఒకసారి. మళ్ళీ. అంత అందమైనది అతను ఈమధ్య చూడలేదు.

ఇంజను ఆపాడు. వేళ్ళు మాట వినడం లేదు. ట్యూబు ముక్క మూడుసార్లు జారింది. టేపు కొస పళ్ళతో కొరికి, చుట్టి, నొక్కి, క్యాపు పెట్టి తాళం తిప్పాడు. ఇంజను మూడు గొంతులతో ఒక్కసారిగా అందుకుంది. తూలడం లేదు, వణకడం లేదు. కొత్త కారులా నడిచింది.

ఆ కబురు చెబుదామని నడిమింట్లోకి వెళ్ళాడు. గోడ పట్టుకుని వెళ్ళాడు. అచ్చియ్యమ్మ నిద్రపోతోంది. ఏడాదిగా సున్నం కొట్టినట్టుండే ముఖం మీద ఎర్రగా రక్తం తేలింది. పెదాలు పసిపిల్లవి లాగా ఉన్నాయి. మాత్ర పనిచేసింది అనుకున్నాడు. ఎన్నాళ్ళకి ఇంత కళ వచ్చిందో. లేపబుద్ధి కాలేదు. ఇంకో పావుగంట పడుకోనిద్దాం, ఈలోగా వైరు వేడి మీద నిలుస్తుందో లేదో కూడా తెలుస్తుంది అని ఇంజను అలాగే వదిలి, వీధి గదిలోకి వెళ్ళి ఫోను తీశాడు. లాల్ అహ్మద్‌కి ఒక మాట చెప్పాలి కదా.

"దొరికింది లాల్ అహ్మద్. నీలంగా... సైకిలు... సుట్టేను."

"శభాష్. ఏటి మాస్టారూ, మాట ముద్దగా వస్తంది? పడుకుని లేచేరేటి?"

"లేదు. కాస్త తల..."

"బండి మోత వినబడతంది. ఫోన్లోకే వినబడతంది. బండెక్కడుంది?"

"గదిలో. బెల్లం గదిలో."

లాల్ అహ్మద్ తండ్రి అనకాపల్లి మండీల్లో దిమ్మలు మోసినవాడు. బెల్లం గది అంటే ఏమిటో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"తలుపులు?"

"మూసేను. సీకటి కావాలన్నావు కదా."

"అమ్మగారెక్కడున్నారు?"

"నిద్దరోతంది. ముఖం ఎంత బాగుందో. ఎర్రగా..."

లాల్ అహ్మద్ గొంతు మారిపోయింది. కేకలు వెయ్యలేదు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు ఒక్కొక్క మాటా విడగొట్టి చెప్పాడు. "నా మాట వినండి. అది నిద్దర కాదు. బండి పొగ ఎక్కింది. ఇద్దరికీ ఎక్కింది. ఫోను కింద పెట్టకండి, అలా వదిలీయండి. మీ ఎదర వీధి తలుపుంది కదా, అది తియ్యండి. బార్లా తియ్యండి. తరవాత అమ్మగార్ని బయటికి లాగండి. ఎలాగైనా లాగండి. బండి దగ్గరికి ఎల్లొద్దు."

"ఆపాలి కదా."

"ఎల్లొద్దు. ఎల్తే మీరు తిరిగి రారు. ఆవిడ్ని లాగేవాడు ఉండడు."

ఆ చివరి మాట పరదేశికి అందింది. మిగతావి అందాయో లేదో అతనికే తెలియదు. ఫోను చేతిలోంచి జారి తీగకి వేలాడింది. వీధి తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది. గడియ తీస్తే గాలి తలుపుని తోసి, వాన అతని ముఖం మీద కొట్టింది. అక్కడ నిలబడి రెండు ఊపిరులు తీసుకున్నాడు. ఆమె లోపల ఉండగా తను తీసుకున్న ఆ రెండు ఊపిరుల కోసం తరవాత చాలా రోజులు బాధపడ్డాడు. అవే లేకపోతే లోపలికి వెళ్ళలేకపోయేవాడన్న సంగతి అతనికి అప్పుడు తట్టలేదు.

నడిమింట్లో అచ్చియ్యమ్మ అలాగే పడుకుని ఉంది. పిలిస్తే పలకలేదు. ఎత్తబోతే మోకాళ్ళు మడతపడ్డాయి. ఆమె కింద పరిచిన బొంతని రెండు కొసలూ పట్టుకుని మంచం మీంచి కిందికి జార్చాడు. తల నేలకి తగలకుండా తన చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ తరవాత బొంతని లాగాడు. లాగి, ఆగి, లాగాడు. చిన్న తలుపు వెనక ఇంజను ఒక్క దెబ్బ కూడా తప్పకుండా నడుస్తోంది. నడిమింటి గడప దాటించాడు. వీధి గది దాటించాడు. వీధి గడప మాత్రం ఎత్తుగా ఉంది. అక్కడ అతని చేతుల్లో బలం అయిపోయింది. గడపకి ఇటు ఆమె, అటు అతను. బొంత కొస పళ్ళతో పట్టుకుని వెనక్కి పాకాడు.

ఎదురింటి నూకరత్నం గొడుగు వేసుకుని పాలు తెస్తూ ఈ దృశ్యం చూసింది.

"ఏటి మాస్టారూ, ముసల్దాన్ని వానలోకి ఈడుస్తన్నారు? మతిగాని పోయిందేటి?" అంటూ తిట్టడానికి దగ్గరికొచ్చింది. పరదేశి ముఖం చూసింది. బొంత మీది ముఖం చూసింది. గొడుగూ పాలగిన్నే మెట్ల మీద పడేసి, అచ్చియ్యమ్మ చంకల కింద చేతులేసి ఒక్క లాగున గడప ఇవతలికి తెచ్చి అరుగు మీద పడుకోబెట్టింది. "ఒరే, ఎవుడ్రా అక్కడ, రండి," అని వీధిలోకి కేకేసింది.

నలుగురు వచ్చారు. నూకరత్నం పెనిమిటి బంగార్రాజు గడ్డపార తెచ్చి బెల్లం గది పెద్ద తలుపుని బయటి నుంచి పెకలించాడు. రెక్క ఊడి పడగానే వెనక్కి గెంతి, అందర్నీ దూరంగా నెట్టాడు. లోపలి నుంచి వెచ్చగా, తియ్యగా గాలి వచ్చింది. చాలాసేపు ఆగి, ముక్కుకి తడి తువ్వాలు చుట్టుకుని వెళ్ళి తాళం తిప్పి ఇంజను ఆపాడు. "బండి బాగుంది మాస్టారూ," అన్నాడు బయటికొచ్చి.

ఆ బండి ఎక్కించడానికి ఎవరికీ మనసొప్పలేదు. నవారు మంచం మీద పడుకోబెట్టి, పైన టార్పాలిన్ పట్టుకుని, నలుగురూ అచ్చియ్యమ్మని ఊళ్ళో ఆసుపత్రికి మోసుకెళ్ళారు. పరదేశి మంచం పట్టె పట్టుకుని పక్కన నడిచాడు. నడిచాడనుకున్నాడు గానీ, నూకరత్నం అతన్ని సగం మోసిందని తరవాత తెలిసింది.

ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండరు నిండుగా ఉంది. డ్యూటీ డాక్టరు కుర్రవాడు, వానకి ఇంటికి వెళ్ళలేక అక్కడే ఉండిపోయాడు. ఆ రెండిట్లో ఏది లేకపోయినా ఏమయ్యేదో పరదేశికి తెలుసు. సాయంత్రం అయిదింటికి అచ్చియ్యమ్మ కళ్ళు తెరిచింది. ఆరింటికి, ముక్కు మీద ఆ గొట్టమేటి తీసెయ్యండని విసుక్కుంది.

కుర్ర డాక్టరు పరదేశిని వరండాలోకి పిలిచాడు. ఇంజను ఎంతసేపు నడిచింది, గది ఎంత, ఆమె ఎంతసేపు స్పృహ లేకుండా ఉంది అని అడిగి రాసుకున్నాడు.

"గండం గడిచిందని చెప్పలేను మాస్టారూ. ఈ గ్యాసు సంగతి వేరు. ఇవాళ బాగానే ఉంటారు, రేపూ బాగానే ఉంటారు. కొందరికి రెండు మూడు వారాల తరవాత మళ్ళీ బయటపడుతుంది. మతిమరుపు వస్తుంది. మనుషుల్ని పోల్చుకోలేరు. అందరికీ రాదు. పెద్ద వయసు వాళ్ళకి వచ్చే అవకాశం ఎక్కువ. రోజూ మాట్లాడించి చూస్తూ ఉండండి."

సోమవారం మంచం పోయింది. విశాఖపట్నం డాక్టరు ఫోనులో అంతా విని, నెల గడవనిచ్చి, ఈ గ్యాసు సంగతి తేలాకే గుండె మీద చెయ్యి వేస్తానన్నాడు. ఎక్కువ రోజులు ఆగని గుండె అని చెప్పింది ఆయనే. ఇప్పుడు ఆగమంటున్నదీ ఆయనే. అప్పటిదాకా మాత్రలు.

గెడ్డ తగ్గాక లాల్ అహ్మద్ వచ్చాడు. కొత్త వైర్లు తెచ్చి, ఊడిన తలుపు దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు.

"సీకటి సెయ్యమన్నది నానే మాస్టారూ. ఎక్కడ పెట్టేరని ముందే అడగాల్సింది."

"తలుపేసింది నేను కదా."

లోపలి నుంచి అచ్చియ్యమ్మ అంది: "గోనెలు కుక్కింది నాను. పంచుకోండి. తలో కాస్తా వస్తాది."

లాల్ అహ్మద్ బానెట్ ఎత్తాడు. వైర్లు మార్చాడు. పరదేశి ఆ తలుపు మళ్ళీ పెట్టించలేదు.

ప్రతిరోజూ పొద్దున కాఫీ ఇచ్చాక, పరదేశి మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, "నేనెవర్ని అత్తా?" అని అడిగేవాడు.

మొదటి రోజు ఆమె, "నన్ను సంపబోయిన అల్లుడివి," అంది.

రెండో రోజు, "లెక్క తప్పిన లెక్కల మేస్టారివి," అంది.

అయిదో రోజు కోపం వచ్చింది. "రోజూ అదే ప్రశ్నేటి? స్కూల్లో గుంటలు సాలలేదా, నన్ను పట్టుకున్నావు?" పదకొండో రోజు, "మా కనకం పెనిమిటివి. సీడికాడ వోడివి. సక్కెర ఎక్కువేసేవు, ఈ కాఫీ నువ్వే తాగు," అంది. ప్రతి తిట్టుకీ పరదేశికి ఆ రోజు గడిచినట్టు ఉండేది. పదిహేనో రోజు స్కూలికి వెళ్తూ వీధిలో ఈల వేశాడు. తను ఈల వేస్తున్నానని గమనించి ఆపేశాడు.

పదిహేడో రోజు వాన లేదు. కిటికీ తెరిచి ఉంది, ఎండ మంచం మీద దాకా వచ్చింది. అచ్చియ్యమ్మ రెండు చేతులతో గ్లాసు పట్టుకుని కాఫీ తాగింది. చక్కెర ఎక్కువైందనలేదు. పరదేశి స్టూలు మీద కూర్చుని అడిగాడు.

"నేనెవర్ని అత్తా?"

ఆమె అతని వైపు చూసింది. కళ్ళు, ముక్కు, మీసం, ఒక్కొక్కటే చూసింది. ఆ చూపులో కోపం లేదు. పెదాలు కదిలి ఆగాయి. బయట సైకిలు మీద ఎవరో గంట కొట్టుకుంటూ పోయారు. ఆమె ఆ చప్పుడు అయిపోయేదాకా విని, మళ్ళీ చూపు అతని ముఖం మీదికి తిప్పింది.

"సెప్తాను," అంది మర్యాదగా. "ఉండండి."

ఎప్పుడూ అతన్ని ఆమె "అండి" అనలేదు. పరదేశి ఆమె చేతిలోంచి గ్లాసు తీసి కింద పెట్టి, అలాగే కూర్చున్నాడు.